ఇంగ్లీషు ఉచ్చారణ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఇంగ్లీషు మాట్లాడటం గురించినవే. చదవడం, రాయడం బాగానే వచ్చు, నోరు విప్పితే మాత్రం ఎదుటివారికి అందడం లేదన్నది వాటి సారాంశం. ఒకే తరహా ప్రశ్నలను కలిపి ఆరింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. ఇంగ్లీషు మాటలను కూడా తెలుగు లిపిలోనే రాశాము కనుక కొన్ని ధ్వనులు ఉజ్జాయింపుగానే కనిపిస్తాయి. వాటిని ఏదైనా మంచి ఆన్‌లైన్ నిఘంటువులో విని సరిచూసుకోవలసిందిగా మనవి.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఇంటర్మీడియట్ వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. అమెరికా క్లయింటుతో జరిగే కాల్స్‌లో నేను ఏది చెప్పినా మళ్ళీ చెప్పమంటారు. అదే సంగతి మా టీమ్ లీడ్ చెబితే ఒక్కసారికే అర్థమవుతుంది. నేను యాస మార్చుకోవాలా? అయితే ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: యాస జోలికి ఇప్పుడే వెళ్ళకండి. మీ టీమ్ లీడ్ తెలుగువారే అయితే ఆయనకూ యాస ఉండే ఉంటుంది. ఆయన మాట అందడానికి, మీ మాట అందకపోవడానికి మధ్య ఉన్న తేడా చాలావరకు ఊనికలో, అంటే స్ట్రెస్‌లో ఉండవచ్చు. ఇంగ్లీషులో ఒకటికి మించి అక్షరాలున్న ప్రతి మాటలోను ఒక అక్షరానికి పెద్దరికం ఉంటుంది. దానిని కాస్త సాగదీసి, కాస్త గట్టిగా, స్వరం మార్చి పలుకుతారు. మిగిలిన అక్షరాలను కుదించి, వాటిలోని అచ్చులను దాదాపు మింగేస్తారు. అలా కుదించిన అచ్చును ధ్వనిశాస్త్రంలో ష్వా అంటారు, ఇంగ్లీషు సంభాషణలో అన్నిటికన్నా ఎక్కువసార్లు వినిపించే అచ్చు అదే. తెలుగులో సంగతి వేరు. పలక, పాలక అన్న రెండు మాటలకు తేడా ఒక్క దీర్ఘంలోనే ఉంది కనుక ఏ అచ్చు నిడివిని దానికి ఇచ్చి నిండుగా పలకడం మనకు చిన్ననాటి నుంచి అలవాటు. ఆ అలవాటుతోనే ఇంగ్లీషు మాటలోని ప్రతి అక్షరాన్నీ సమానంగా పలుకుతాము. లేదా మొదటి అక్షరం మీద బలం వేసి ఊరుకుంటాము.

హోటల్ అన్నప్పుడు మనం హో మీద బలం పెడతాము, వారు టెల్ మీద పెడతారు. పోలీసు అన్నప్పుడు మన పో కు నిండు దీర్ఘం, వారికి అది వినీ వినిపించని చిన్న ప, బలమంతా లీస్ మీదనే. డెవలప్‌లో బలం వె మీద, కమిటీలో మి మీద, ఇంజనీరులో నీ మీద, సర్టిఫికెట్‌లో టి మీద ఉంటుంది. మీ వృత్తిలో నిత్యం వాడే పారామీటర్‌నే తీసుకోండి, ఇంగ్లీషువారి నోట అందులో రా మీద బలం పడి తక్కినవన్నీ చిన్నబోతాయి. కాంపొనెంట్‌లో రెండవ అక్షరం, డిప్లాయ్‌మెంట్‌లో ప్లాయ్, ఆర్కిటెక్చర్‌లో మొదటి ఆ బలమైనవి. వినేవారు మాటను గుర్తుపట్టేది చాలావరకు ఆ బలమైన అక్షరాన్ని బట్టే. అది స్థానం తప్పితే, ధ్వనులన్నీ సరిగా ఉన్నా, వారు ఒక క్షణం తడుముకుంటారు. ఆ క్షణంలో మీరు తరువాతి వాక్యంలోకి వెళ్ళిపోతారు. అందుకే మళ్ళీ చెప్పమనడం.

ఇది మా ఊహ కాదు. హైదరాబాదులో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పేరుతో ఏర్పడి, నేడు ఇఫ్లూగా (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీగా) అందరికీ తెలిసిన సంస్థ నుంచి ఆచార్య ఆర్. కె. బన్సల్ 1969లో ఒక అధ్యయనాన్ని వెలువరించారు. భారతీయుల ఇంగ్లీషు ఇతర దేశాలవారికి ఏ మేరకు అర్థమవుతుంది, ఎక్కడ అర్థం కాకుండా పోతుంది అన్నది అందులోని విషయం. అర్థం కాకపోవడానికి ప్రధాన కారణాలలో ఒకటిగా ఆయన చూపినది మాటలో ఊనిక తప్పిపోవడాన్నే.

ఊనిక ఎక్కడ పడుతుందో చెప్పే నియమాలు ఇంగ్లీషులో చాలా ఉన్నాయి, వాటికి మినహాయింపులూ చాలా ఉన్నాయి. అయినా ఒక నియమం మాత్రం గుర్తు పెట్టుకోదగినది: షన్, ఇక్, ఇటీ అన్న చివరలు వచ్చిన మాటల్లో బలం సాధారణంగా ఆ చివరకు సరిగ్గా ముందున్న అక్షరం మీద పడుతుంది. ఎడ్యుకేషన్‌లో కే, ఎకనామిక్‌లో నా, యూనివర్సిటీలో వ. ఫోటో అన్న ఒక్క మాట కుటుంబాన్ని చూస్తే ఈ కదలిక ఎంతటిదో తెలుస్తుంది. ఫోటోగ్రాఫ్‌లో బలం ఫో మీద ఉంటుంది, ఫోటోగ్రఫీలో అది టో మీదికి జరుగుతుంది, ఫోటోగ్రాఫిక్‌లో గ్రా మీదికి పోతుంది. పాలిటిక్స్, అరబిక్ వంటివి నియమానికి లొంగవు, వాటిలో మొదటి అక్షరమే బలమైనది. నిఘంటువులో ఉచ్చారణ చూపే చోట బలమైన అక్షరానికి ముందు పైభాగాన చిన్న నిలువు గీత ఉంటుంది. మీరు కాల్స్‌లో తరచుగా వాడే మాటలను ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కదానికి ఆ గీత ఎక్కడ ఉందో చూసి, ఆ అక్షరం కింద గీటు పెట్టుకోండి. జాబితా అంత పెద్దదేమీ కాదు. ఏ ఉద్యోగంలోనైనా రోజూ తిరిగి తిరిగి వచ్చే మాటలు కొన్నే ఉంటాయి.

కాల్స్‌లో నిజంగా నష్టం తెచ్చే చోట్లు రెండున్నాయి, వాటిని ముందుగా సరిచేసుకోవాలి. మొదటిది అంకెలు. థర్టీన్, థర్టీ, ఫిఫ్టీన్, ఫిఫ్టీ జంటల్లో విడిగా చెప్పినప్పుడు టీన్ వచ్చేవాటికి చివరి అక్షరం మీద, టీ వచ్చేవాటికి మొదటి అక్షరం మీద బలం పడుతుంది. చివరి న స్పష్టంగా వినిపించకపోయినా ఆ బలాన్ని బట్టి వారు తేడా పట్టుకుంటారు. గడువు తేదీయో, బిల్లు మొత్తమో చెబుతున్నప్పుడు వన్ త్రీ, త్రీ జీరో అని విడివిడిగా కూడా చెప్పడం మంచిది.

రెండవది కెన్, కాంట్ జంట. చేయగలను అని చెప్పేటప్పుడు ఇంగ్లీషువారు కెన్‌ను కుదించి కన్ అన్నట్లుగా దాటేసి, బలమంతా తరువాతి క్రియ మీద పెడతారు. చేయలేను అన్నప్పుడు మాత్రమే ఆ సహాయక క్రియను నిండుగా పలుకుతారు. అమెరికావారి నోట అది క్యాంట్, అందులోని ట తరచు పెదవి దాటి బయటకు రాదు. కాబట్టి ఈ రోజే పూర్తి చేయగలనని భరోసా ఇస్తూ మీరు కెన్‌ను ఒత్తి పలికితే, పూర్తి చేయలేనని వారికి వినిపించే ప్రమాదం ఉంది. వాక్యంలో కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది: కొత్త సంగతి చెప్పే మాట మీద బలం పెట్టి, టు, ఫర్, ఆఫ్, అండ్ వంటి చిన్న మాటలను తేలికగా దాటేయాలి. ఆపై భావం పూర్తయిన చోట ఒక్క క్షణం ఆగండి. వేగం తగ్గించమని మేము అనడం లేదు, మాటకూ మాటకూ మధ్య ఎడం పెడితే ఇంకా అర్థం కాకుండా పోతుంది. ఆగవలసింది పదబంధం చివరనే.

ప్రశ్న: డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నాను. సెమినార్‌లో మాట్లాడితే వి, డబ్ల్యు నాకు ఒకటేనని, ఎమ్‌ను యమ్ అంటున్నానని, జీరో సరిగా పలకడం లేదని తోటివారు నవ్వారు. ఒక్కొక్క ధ్వనిని ఎలా నేర్చుకోవాలో చెప్పగలరా?
— ఒక విద్యార్థిని, శ్రీకాకుళం జిల్లా

జవాబు: బ్రిటిష్ ఇంగ్లీషు ఉచ్చారణను వర్ణించే పుస్తకాలు సాధారణంగా 24 హల్లులు, 20 అచ్చులు, మొత్తం 44 ధ్వనులను లెక్కిస్తాయి. వీటిలో చాలా ధ్వనులు తెలుగు నోటికి ఇప్పటికే వచ్చు. కొన్నిటికి మన భాషలోనే దగ్గరి దారి ఉంది. నవ్వినవారికి ఆ సంగతి తెలియకపోవచ్చు.

వి, డబ్ల్యు: మన వ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. వి కి పై పళ్ళు కింది పెదవి మీద మెల్లగా ఆని, గాలి రాసుకుంటూ పోవాలి. డబ్ల్యు కి పళ్ళతో పని లేదు, ఉ అనడానికి పెదవులను గుండ్రంగా చుట్టినట్లు చుట్టి, వెంటనే తరువాతి అచ్చులోకి జారాలి. చొక్కా మీద తొడిగే వెస్ట్‌కు పళ్ళు తగలాలి, పడమర దిక్కు వెస్ట్‌కు ఉ, ఎస్ట్ అన్న రెండింటినీ కలిపేయాలి. అద్దం ముందు నిలబడి ఈ జంటను పలికితే తేడా చెవికన్నా ముందు కంటికి కనిపిస్తుంది. వుడ్, వుమన్ వంటి మాటలను మనం ఉడ్, ఉమన్ అని తేల్చేస్తాము, అక్కడ పెదవులను ఇంకొంచెం బిగించి మొదలుపెట్టాలి.

జీరోలోని ధ్వని: తెలుగులో జ ఒక్కటే అక్షరమైనా పలుకుబడులు రెండు. జీతం, జింక అన్నప్పుడు నాలుక అంగిలి వైపు వెళుతుంది. జడ, జల్లెడ, జొన్న అన్నప్పుడు పళ్ళ వైపు వస్తుంది. ఈ రెండవ జ నుంచే జీరోకు దారి ఉంది. జడ అనబోతూ నాలుకను పళ్ళ వెనుక తగలనీయకుండా, సన్నని సందు వదిలి, ఆ సందులోంచి గాలిని గొంతు నాదంతో కలిపి వదలాలి. గొంతు మీద వేలు పెట్టి స అంటే కంపనం ఉండదు, ఈ ధ్వనికి ఉంటుంది. ధరను చెప్పే ప్రైస్, బహుమతిని చెప్పే ప్రైజ్ మధ్య అర్థాన్ని మార్చేది ఇదొక్కటే. మనం లూజు చొక్కా అంటాము గాని, వదులు అన్న అర్థంలో ఇంగ్లీషు మాటకు చివర స ఉంది. జ ధ్వని ఉన్నది పోగొట్టుకోవడమన్న క్రియకు. వాడుకలో ఇవి తారుమారై స్థిరపడిపోయాయి కనుక ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

యమ్, యస్, యల్: ఎ, ఏ లతో మొదలయ్యే మాటకు ముందు యకార ఛాయ చేరడం, ఒ, ఓ లకు ముందు వకార ఛాయ చేరడం తెలుగు పలుకులో సహజం. యం.ఏ., యస్.ఐ. అని అచ్చులో కూడా చాలాకాలం సాగింది. ఇంగ్లీషులో ఎగ్, ఎగ్జామ్, ఓన్లీ, ఓల్డ్ నేరుగా అచ్చుతోనే మొదలవుతాయి. దీనికి విరుగుడుగా కొందరు ఉన్న య ను కూడా తీసేసి యెస్‌ను ఎస్ అని, సంవత్సరం అనే యియర్‌ను ఇయర్ అని అంటారు. అప్పుడది చెవి అవుతుంది.

ద్విత్వాలు: దీని గురించి మీరు అడగలేదు గాని, తెలుగువారి ఇంగ్లీషులో వెంటనే పట్టుబడేది ఇదే. కల వేరు, కల్ల వేరు కనుక రెండు అక్షరాలు కనిపిస్తే ఒత్తి పలకడం మనకు ధర్మం. ఇంగ్లీషులో ఒకే మాట లోపల కనిపించే జంట అక్షరాలను అలా ఒత్తరు. హ్యాపీలో ప, సమర్‌లో మ, సిలీలో ల ఒక్కసారే వినిపించాలి. ఆ రెండవ అక్షరం చాలాచోట్ల ముందున్న అచ్చు హ్రస్వమని సూచించడానికి ఉన్నది. రాత్రి భోజనానికి రెండు ఎన్‌లు ఉన్నందువల్ల అది డినర్ అయింది, ఒకే ఎన్ ఉంటే భోజనం చేసే మనిషి, డైనర్.

మాట చివర ఉ: తెలుగు మాటలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి కనుక బస్, రోడ్, కార్ మన చేతిలో బస్సు, రోడ్డు, కారు అయ్యాయి. తెలుగులో మాట్లాడేటప్పుడు అలాగే ఉండనివ్వండి. ఇంగ్లీషు వాక్యంలో మాత్రం ఆ ఉ ను వదిలి, తరువాతి మాట అచ్చుతో మొదలైతే రెండింటినీ సంధి కలిపేయండి. గెట్, ఔట్ కలిపి గెటౌట్ అనడం మనకు ఎవరూ నేర్పకుండానే వచ్చింది, లైక్ ఇట్‌ను లైకిట్ అనడం, వర్క్ ఆన్‌ను వర్కాన్ అనడం కూడా అదే పద్ధతి.

ప, ట, క: బలమైన అక్షరం మొదట వచ్చినప్పుడు ఇంగ్లీషువారు వీటిని కొంత గాలి వదిలి పలుకుతారు. ఆ గాలి లేకపోతే మన పార్కింగ్ వారి చెవికి కుక్క మొరిగే బార్కింగ్‌లా వినిపించవచ్చు. నోటి ముందు పల్చని కాగితం పట్టుకుని ప అంటే అది కదలాలి. ఖర్జూరంలోని ఖ ను నిజంగా ఒత్తి పలకగలిగినవారికి క తో ఇబ్బంది ఉండదు.

క్యాట్, బ్యాంక్ మాటల్లోని అచ్చు: తెలుగు లిపిలో దీనికి అక్షరం లేక య వత్తు చేర్చి రాస్తున్నాము గాని, అందులో య లేనే లేదు. ఆ అచ్చు మాత్రం మన నోట ఉంది. చెప్పాడు, వచ్చాడు అన్న మాటలను మాట్లాడేటప్పుడు చాలామంది పలికేది నిండు ఆ కాదు, ఏ కాదు, రెంటికీ నడిమి ధ్వని. చెప్పాడు అని కొందరు, చెప్పేడు అని కొందరు రాయడం అందువల్లనే. ఆ నడిమి ధ్వనిని తెచ్చి క, ట ల మధ్య పెట్టండి.

భూతకాల క్రియల చివర వచ్చే ధ్వని గురించి కూడా ఒక మాట. వర్కెడ్, వాచెడ్ అనకూడదు, అవి వర్క్ట్, వాచ్ట్. కాల్, ఓపెన్ వంటివాటికి చివర డ మాత్రమే చేరుతుంది. ఎడ్ లేదా ఇడ్ విడి అక్షరంగా వినిపించేది వాంట్, నీడ్ లాగా ట, డ లతో ముగిసే క్రియలకే.

థింక్, దిస్ మాటల్లోని ధ్వనులను, ఎన్నో శిక్షణ తరగతులు మొదటి రోజే నాలుక బయటపెట్టించి నేర్పే వాటిని, కావాలనే చివర ఉంచాము. మనం వాటికి బదులు థ, ద వాడినా వినేవారికి అర్థం కాకుండా పోవడం అరుదు. వేర్వేరు మాతృభాషలవారు ఇంగ్లీషులో మాట్లాడుకునేటప్పుడు ఏవి తప్పితే అర్థం చెడుతుందో పరిశోధించిన జెన్నిఫర్ జెన్కిన్స్, 2000లో ప్రకటించిన తన ముఖ్యాంశాల జాబితాలో ఈ ధ్వనులకు చోటు ఇవ్వలేదు. ప, ట, క ల గాలికి, అచ్చుల నిడివికి, వాక్యంలోని ఊనికకు ఇచ్చారు. మాటలోని ఊనికను ఆమె జాబితాలో చేర్చకపోవడం మీద పండితులలో వాదం ఉంది, మా అభిప్రాయం పై జవాబులో చూశారు. ఇక విమాన చోదకుల రేడియో భాషలో మూడు అంకెను ట్రీ అని, వెయ్యిని టౌజండ్ అని పలకాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థే నిర్దేశించింది. ఆకాశంలో ప్రాణాల మీదికి వచ్చే చోటే ఆ ధ్వని అక్కర్లేదనుకున్నారంటే, సెమినార్‌లో దానికోసం మీరు నిద్ర మానుకోనక్కర్లేదు.

ప్రశ్న: బ్రిటన్‌లో నర్సు ఉద్యోగం కోసం ఐఈఎల్‌టీఎస్ రాయబోతున్నాను. బ్రిటిష్ యాసలో మాట్లాడితేనే మార్కులు వస్తాయని ఒకరు, అమెరికన్ యాస అయినా ఫరవాలేదని ఒకరు చెబుతున్నారు. ఏది నిజం?
— ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: రెండింటిలో ఏ యాసా అక్కర్లేదు. మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు, మూడు భాగాలుగా ఉంటుంది. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అన్న నాలుగింటికి సమానంగా, అంటే ఒక్కొక్కదానికి నాలుగో వంతు విలువ కడతారు. ఉచ్చారణ కింద చూసేది మీ మాట శ్రమ లేకుండా అర్థమవుతున్నదా, ఊనిక, స్వరం ఎత్తుపల్లాలు భావానికి తగినట్లు ఉన్నాయా అన్నది. తెలుగు యాస వినిపించినంత మాత్రాన మార్కు పోదు. అరువు తెచ్చుకున్న యాస మాట మధ్యలో జారిపోతూ ఉంటే ధారాళతకు కూడా దెబ్బ తగులుతుంది.

వినే పరీక్ష సంగతి వేరు. అందులో బ్రిటిష్, ఆస్ట్రేలియన్, అమెరికన్, కెనడియన్ గొంతులు వినిపిస్తాయి కనుక చెవికి నాలుగు రకాలూ అలవాటు చేసుకోవాలి. ఉద్యోగంలో చేరాక మీరు వినబోయేది కూడా బీబీసీ పాత వార్తల ఇంగ్లీషు కాదు. ఆ పద్ధతిలో మాట్లాడేవారు ఇంగ్లండు జనాభాలో సుమారు 3 శాతమేనని భాషాశాస్త్రజ్ఞుడు పీటర్ ట్రడ్గిల్ 1974లోనే అంచనా వేశారు. లివర్‌పూల్, గ్లాస్గో రోగులు తమ తమ యాసల్లోనే నొప్పి చెప్పుకుంటారు. ఆ నగరాలవారి ఇంటర్వ్యూలు ఇప్పటి నుంచే వినండి. మందుల పేర్లు, మోతాదు అంకెలు మాత్రం నిఘంటువుతో సరిచూసుకుని నేర్చుకోండి, మన ఆసుపత్రుల్లో వినిపించే మందుల పేర్లలో ఊనిక చాలాసార్లు మన పద్ధతిలోనే పడుతుంది.

ప్రశ్న: మా ఊళ్ళో ఒక శిక్షణ కేంద్రం పదిహేను రోజుల్లో అమెరికన్ యాస నేర్పుతామని ప్రకటించింది. ఫీజు బాగా ఎక్కువ. చేరవచ్చా? ఇంట్లోనే సాధన చేయడానికి మార్గం ఉందా?
— ఒక నిరుద్యోగి, కరీంనగర్

జవాబు: పదిహేను రోజుల్లో కొన్ని తప్పులు తెలుసుకోవచ్చు, నాలుక అలవాటు మారదు. చేరాలనే అనుకుంటే ఒక్కటి అడగండి: ప్రతి విద్యార్థి గొంతును రికార్డు చేసి, విని, విడిగా తప్పు చూపిస్తారా? లేదంటే, అందరూ కలిసి వల్లెవేసే తరగతికి అంత ఫీజు దండగ.

ఇంట్లో సాధనకు ఫోను చాలు. రాతప్రతితో పాటు దొరికే ప్రసంగాన్నో, ఇంటర్వ్యూనో ఎంచుకుని అందులో ఒక్క నిమిషం భాగం తీసుకోండి. సాధనకు వార్తలు అంత మంచివి కావు, వార్తలు చదివే తీరు మనుషులు మాట్లాడుకునే తీరు కాదు. మొదట చూడకుండా వినండి. తరువాత కాగితం మీద బలమైన అక్షరాల కింద గీటు పెడుతూ వినండి. ఆ తరువాత ఆ గొంతు వెంటే, దాని నీడలా, అర క్షణం వెనుకగా మీరూ పలకండి. చివరకు మీ గొంతు ఒక్కటే రికార్డు చేసి అసలు దానితో పోల్చండి. అదే నిమిషాన్ని వారం రోజులు చేసినా విసుగు పడవద్దు, రోజుకొకటి మార్చడం వల్ల ఏదీ నోటికి పట్టదు. ఇంగ్లీషు మాటలను తెలుగు లిపిలో రాసుకుని బట్టీ పట్టడం మాత్రం మానేయండి. ఈ శీర్షికలో మేము చేస్తున్నది అదే అని మీరు అనవచ్చు. వివరించడానికి అది తప్పదు గాని, మన లిపిలో ష్వా కు గుర్తు లేదు కనుక సాధనకు పనికిరాదు.

అమెరికన్ యాస మీద అంత మోజు ఉంటే ఒక్క ముక్క ఉచితంగా నేర్పుతాము. వాటర్, బెటర్ మాటల్లో అచ్చుల నడుమ ఉన్న ట ను వారు నాలుక కొసతో ఒక్కసారి తేలికగా తట్టి వదిలేస్తారు, అది మన ఒంటి ర కు చాలా దగ్గర. అదే మాట చివర ఉన్న వారి ర మాత్రం నాలుక ఎక్కడా తగలకుండా వెనక్కి ముడుచుకునేది, మన ర తో దానికి పోలిక లేదు.

ప్రశ్న: ముప్పై ఏళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు బోధించి రిటైరయ్యాను. అమెరికాలో పుట్టిన మనవడు సెలవులకు వచ్చి, తాతయ్యా నీ ఇంగ్లీషు తమాషాగా ఉందని నవ్వుతున్నాడు. ఇన్నేళ్ళు నేను పిల్లలకు తప్పు నేర్పానా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: మాష్టారూ, మీ మనవడు నవ్వింది తేడాకు, తప్పుకు కాదు. పిల్లలు యాసను తల్లిదండ్రుల నుంచి కాక, కలిసి ఆడుకునే పిల్లల నుంచి తెచ్చుకుంటారు. మీ అబ్బాయి ఇంగ్లీషు కూడా వాడికి తమాషాగానే ఉంటుంది, ఇంట్లో రోజూ వింటాడు కనుక అలవాటు పడి ఉంటాడు. చిన్నతనం దాటాక నేర్చుకున్న భాషలో స్థానికుల యాస పట్టుబడటం చాలా అరుదు. నేటి ఉక్రెయిన్‌లో ఒక పోలిష్ కుటుంబంలో పుట్టి ఇరవై ఏళ్ళు దాటాక ఇంగ్లీషు నేర్చుకున్న జోసెఫ్ కాన్రాడ్ ఆ భాషలో గొప్ప నవలాకారుల సరసన నిలిచారు, ఆయన మాటలో మాత్రం పోలిష్ యాస జీవితాంతం పోలేదు.

యాస వేరు, అర్థం కావడం వేరని కెనడా పరిశోధకులు మన్రో, డెర్వింగ్ 1995లో ప్రయోగపూర్వకంగా చూపారు. బాగా యాస ఉందని శ్రోతలు చెప్పిన మాటలను కూడా ఆ శ్రోతలే పొల్లుపోకుండా రాయగలిగిన సందర్భాలు అందులో ఎన్నో ఉన్నాయి. అంతర్జాతీయ విమాన చోదకులకు తప్పనిసరి అయిన నాలుగవ స్థాయి భాషా ప్రమాణం కూడా ఉచ్చారణ మీద మాతృభాష ప్రభావం ఉండవచ్చునని, అది అర్థం కావడానికి అప్పుడప్పుడు మాత్రమే అడ్డు రావాలని చెబుతుంది.

ఉపాధ్యాయులుగా మీరు అడిగారు కనుక ఒక్కటి దాచకుండా చెప్పాలి. మన పాఠశాలల్లో ఊనికను పాఠంగా చెప్పడం అరుదు, పరీక్షలో దానికి మార్కులు లేకపోవడం అందుకు కారణం. స్పెల్లింగును చూసి పలకడమే అందరికీ అలవాటైంది. ఆ లోటు పాఠ్యప్రణాళికది, మీ ఒక్కరిది కాదు. మీ దగ్గరకు ఇప్పటికీ పిల్లలు వస్తుంటే పాఠంలోని పెద్ద మాటల కింద గీట్లు పెట్టించండి, అది చాలు. ఇక మనవడి చేత కల్లు, కళ్ళు అన్న రెండు మాటలూ పలికించండి. ఇంగ్లీషులో ళ లేదు కనుక వాడికి రెండూ ఒక్కలాగే వస్తాయి. నవ్వు ఇద్దరూ పంచుకోవచ్చు.

ప్రశ్న: విదేశీ బ్యాంకుకో, యూనివర్సిటీకో ఫోను చేసినప్పుడు నా పేరు స్పెల్లింగు ఎన్నిసార్లు చెప్పినా తప్పే రాసుకుంటున్నారు. హెచ్ అనడం కూడా తప్పంటున్నారు. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఇది మీ ఉచ్చారణ లోపం కానక్కర్లేదు. బి, సి, డి, ఇ, జి, పి, టి, వి ఫోనులో ఎవరు పలికినా ఒకదానికొకటి కలిసిపోతాయి. విమానయానంలో 1956 నుంచి వాడుకలో ఉన్న ఆల్ఫా, బ్రావో, చార్లీ పట్టికలోని 26 మాటలను నేర్చుకోండి. వెంకట అన్న పేరు చెప్పాలంటే విక్టర్, ఎకో, నవంబర్, కిలో, ఆల్ఫా, టాంగో, ఆల్ఫా అని అక్షరంతో పాటు చెబితే పొరపాటుకు చోటుండదు. చివరి అక్షరాన్ని మనం, బ్రిటిష్‌వారు జెడ్ అంటాము, అమెరికావారు జీ అంటారు. వారి నోట ఆ జీ, ఎఫ్ తరువాత వచ్చే జి వేరు వేరు ధ్వనులు గాని, మన నోట ఒకటైపోతాయి కనుక ఆ అక్షరానికి జూలూ అని జోడించడం తప్పనిసరి. హెచ్ విషయానికి వస్తే నిఘంటువులు ఎయిచ్‌నే ముందు ఇస్తాయి, ఐర్లండులో మాత్రం హెయిచ్ అనేవారే ఎక్కువ. దాని వల్ల ఎవరికీ అర్థం కాకుండా పోదు, ఇంటర్వ్యూ ఉంటే ఎయిచ్ అనండి.

ఫోను నంబరులో రెండు నాలుగులు వస్తే డబల్ ఫోర్ అనడం మనకు, బ్రిటిష్‌వారికి అలవాటు. అమెరికావారితో ఫోర్, ఫోర్ అనే చెప్పండి. పేరు చెప్పేటప్పుడు ఏది ఇంటిపేరో, ఏది మీ పేరో ముందుగా స్పష్టం చేయండి. మన ఇంటిపేరు మొదట వస్తుంది కనుక దానినే వారు మీ సొంత పేరుగా రాసుకుంటారు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ అన్న చోట ఏముందో అదే చెప్పి, ఆ తరువాత రెండవ పేరు స్పెల్లింగు మొదలుపెట్టండి. చివర వారు రాసుకున్నది ఒకసారి తిరిగి చదవమని అడగండి.